పోర్ట్రెయిట్ నేర్చుకునేవారి ముందు మనిషిని కూర్చోబెట్టండి

సంపాదకులకు నమస్కారం.

వేసవి సెలవులు దగ్గరపడితే చాలు, హనుమకొండ, కాజీపేట, వరంగల్ వీధుల్లో చిత్రలేఖన శిబిరాల ఫ్లెక్సీలు లేస్తాయి. వాటిలో 'పది రోజుల్లో ఆయిల్ పోర్ట్రెయిట్' అనే మాట ఈ మధ్య తరచుగా కనిపిస్తోంది. పిల్లలు ఆయిల్ రంగులు పట్టుకోవడం మాకు సంతోషమే. ఆ పది రోజులు గడిచే తీరు మాత్రం బాధ కలిగిస్తోంది. చేతిలో ఫోన్, అందులో ఎవరో నటుడి ఫోటో, ఎదురుగా తెల్లటి కాన్వాస్, పక్కన పన్నెండు ట్యూబుల పెట్టె. మొదటి రోజే కళ్లు, రెప్పవెంట్రుకలు, పెదవులు వేస్తారు. ఆఖరి రోజుకు ఎత్తుపల్లాలు లేని గులాబీ రంగు ముఖం ఒకటి మిగులుతుంది. తనకు బొమ్మలు రావనుకుని ఆ పిల్ల మళ్లీ కుంచె ముట్టదు. పని వరుస తప్పితే ఎంత చేయి తిరిగినవారికైనా వచ్చే ఫలితం అదే.

శిబిరాలు నడిపేవారిని, బడుల్లో డ్రాయింగ్ చెప్పే మాస్టర్లను మేము కోరేది ఇది: నేర్చుకునేవారి ముందు మనిషిని కూర్చోబెట్టండి. మొదట ఒకే రంగుతో వేయించండి. ఎందుకో, ఎలాగో కొంచెం విడమరచి రాస్తున్నాం.

ఫోన్‌ను మూరెడు దూరంలో పట్టి తీసిన ఫోటోలో ముక్కు పెద్దదవుతుంది, చెవులు వెనక్కి పోయి చిన్నవవుతాయి. నీడల్లో మన కంటికి తెలిసే గోధుమ, పచ్చ ఛాయలను కెమెరా నలుపులో కలిపేస్తుంది. నుదుటి మీది వెలుగును తెల్లగా కడిగేస్తుంది. పైగా చాలా ఫోన్లు చర్మాన్ని వాటంతట అవే నునుపు చేస్తాయి కనుక చెంప ఎముక ఎక్కడ మలుపు తిరిగిందో చెప్పే ఆనవాళ్లు కూడా పోతాయి. ఫోటో తప్పదంటే ఏడెనిమిది అడుగుల దూరంలో నిలబడి, జూమ్ చేసి, ఫ్లాష్ ఆపి, ఒక పక్క కిటికీ వెలుగులో తీయండి. గళ్లు గీసి పెంచడంలో తప్పేమీ లేదు. 4×5 అంగుళాల ఫోటో మీద అరంగుళం గళ్లు, 16×20 అంగుళాల కాన్వాస్ మీద రెండంగుళాల గళ్లు గీస్తే బొమ్మ పొడవునా వెడల్పునా నాలుగింతలవుతుంది. అయితే ఏ గీత ఎక్కడ పడాలో మాత్రమే గళ్లు చెప్పగలవు. ఏ భాగం ముందుకు వచ్చింది, ఏది లోపలికి పోయింది అన్నది మనిషి ముందు కూర్చుంటేనే కన్ను పట్టుకుంటుంది.

ఇంట్లో తాత, అవ్వ కంటే మంచి మోడల్ దొరకరు. ముఖంలో ఎముక స్పష్టంగా తెలుస్తుంది, చెప్పినంతసేపు కదలకుండా కూర్చుంటారు. పసిపిల్లల ముఖాల్లో నీడలు మరీ మెత్తగా ఉంటాయి కనుక వాటిని చివరికి పెట్టుకోవాలి. మోడల్‌ను 20 నిమిషాలు కూర్చోబెట్టి 5 నిమిషాలు లేవనివ్వండి. కుర్చీ కాళ్ల చుట్టూ, పాదాల చుట్టూ సుద్దముక్కతో గీత గీస్తే మళ్లీ అదే చోట కూర్చోవచ్చు. చూపు నిలపడానికి గోడ మీద ఒక గుర్తు పెట్టండి. నిలబడి వేసేటట్టయితే కుర్చీని గట్టి బల్ల మీదకు ఎక్కించాలి, లేకపోతే తల పైభాగమే ఎక్కువ కనబడి గడ్డం కుంచించుకుపోతుంది. ఈజిల్ (కాన్వాస్ నిలబెట్టే చట్రం) మోడల్‌కు పక్కగా ఉండాలి. వేసేవారు ఏడెనిమిది అడుగులు వెనక్కి వెళ్లి మనిషినీ కాన్వాస్‌నూ ఒకే చూపులో చూడాలి. ఏది తేడాగా ఉందో తేల్చుకుని, ముందుకు వచ్చి ఒక్క మచ్చ పెట్టి, మళ్లీ వెనక్కి పోవాలి. ఇరవై మందిని ఒక ఇరుకు హాల్లో కూర్చోబెడితే ఇది కుదరదు. ఒక మోడల్‌కు ఆరేడుగురు విద్యార్థులు మించకూడదు.

వెలుగు సంగతి పుస్తకాలు చూసి గుడ్డిగా పాటించేది కాదు. ఉత్తరం కిటికీ వెలుగు రోజంతా మారదని యూరప్ చిత్రకారులు రాసిపెట్టారు, వాళ్ల దేశాల్లో అది నిజం. వరంగల్ ఉన్నది దాదాపు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. మే రెండో వారం నుంచి జూలై ఆఖరు దాకా మనకు మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి ఉత్తరం వైపే ఉంటాడు. ఆ రోజుల్లో పొద్దున, సాయంత్రం ఉత్తరం కిటికీలోంచి ఏటవాలు ఎండ నేరుగా లోపలికి పడుతుంది. మన శిబిరాలు జరిగేది సరిగ్గా అప్పుడే. కిటికీకి పలుచని తెల్లబట్ట కట్టండి, ట్యూబులైట్లు ఆపేయండి, మిగతా కిటికీలు మూసేయండి. వెలుగు ఒక పక్క నుంచి, తల కన్నా ఎత్తు నుంచి పడాలి. రెండు దిక్కుల వెలుగు పడితే ముక్కుకు రెండు నీడలు వస్తాయి, నేర్చుకునేవారికి తలాతోకా తెలియదు.

గీతతో మొదలుపెట్టేటప్పుడు ఎక్కువమంది చేసే తప్పు కళ్లను పైకి పెట్టడం. జుట్టు కింద పుర్రె ఎంత ఎత్తుందో మరిచిపోవడమే దానికి కారణం. నడినెత్తి నుంచి గడ్డం కొస దాకా కొలిస్తే కళ్లు సరిగ్గా సగంలో ఉంటాయి. రెండు కళ్ల మధ్య ఇంకో కన్ను పట్టేంత చోటు ఉంటుంది. కనుబొమలకు, గడ్డానికి నడుమ ముక్కు కింది అంచు, ముక్కు నుంచి గడ్డానికి మూడో వంతు దిగితే పెదవులు కలిసే గీత వస్తాయి. చెవి కనుబొమకూ ముక్కు కిందికీ మధ్యన పడుతుంది. ఇవి సగటు లెక్కలు. ఎదుటి మనిషి వీటి నుంచి ఎంత తేడాగా ఉన్నారో పట్టుకుంటేనే పోలిక వస్తుంది. దారానికి ఒక నట్టు కట్టి నిలువుగా వేలాడదీసి చూస్తే కంటి మూల ముక్కుపుటానికి ఎంత ఎడంగా ఉందో తెలుస్తుంది. కుంచె కర్రను చేయి పూర్తిగా చాచి, ఒక కన్ను మూసి కొలవాలి. మోచేయి వంగితే కొలత మారిపోతుంది. 16×20 కాన్వాస్ మీద తల ఏడున్నర అంగుళాలు మించనివ్వకండి. మనిషి తలకన్నా పెద్దగా వేసిన ముఖం గోడ మీద మీదికి వచ్చినట్టు అనిపిస్తుంది. బొగ్గుతో గీసి అద్దంలో తిప్పి చూస్తే వంకర ఎక్కడుందో దొరుకుతుంది. ఆ తర్వాత పొడి బొగ్గును గుడ్డతో విదిలించి, మిగిలిన గీత మీదుగా పలుచటి రంగుతో మళ్లీ గీయాలి. లేకపోతే బొగ్గుపొడి రంగులో కలిసి చర్మం మసిబారుతుంది.

కాన్వాస్ గురించి ఒక మాట. చేర్యాల నకాషీ కళాకారులు ఖద్దరు గుడ్డకు చింతగింజల జిగురు, సుద్దమట్టి కలిపి పూత మీద పూత పూసి ఆరబెట్టిన తర్వాతే బొమ్మ మొదలుపెడతారు. ఆయిల్‌కు కూడా పూత కావాలి, అయితే కారణం వేరు. నూనె నేరుగా గుడ్డకు తగిలితే కొన్నేళ్లకు దారం పెళుసుబారి చినిగిపోతుంది. పూత నూనెను గుడ్డ దాకా పోనివ్వకూడదు, అలాగని రంగు జారిపోయేంత నునుపుగానూ ఉండకూడదు. కొన్న కాన్వాస్ బోర్డు అయినా దాని మీద ఇంకో రెండు పూతలు అక్రిలిక్ గెస్సో (రంగుకు ముందు వేసే తెల్ల పూత) వేసి, ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా పూసి, సన్న ఎమరీ కాగితంతో తేలికగా రుద్దితే పని సుఖంగా సాగుతుంది. ఆరిన పూత మీద టర్పెంటైన్‌లో పలుచబరిచిన బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ మట్టిరంగు) రాసి గుడ్డతో తుడిచేయండి. తెల్లటి నేల (బొమ్మ కింది పూత) మీద ఏ రంగు పెట్టినా ముదురుగా కనిపించి, భయంతో లేతగా వేస్తాం. మట్టిరంగు నేల ఆ భ్రమను తీసేస్తుంది.

అసలు చదువు ఇక్కడ మొదలవుతుంది. రంగుల పెట్టె పక్కన పెట్టి, బర్న్ట్ అంబర్ ఒక్కటే తీసుకోవాలి. తుడిచిన నేల మధ్యస్థపు ఛాయ. నీడలున్న చోట అంబర్ పెంచాలి, వెలుగున్న చోట టర్పెంటైన్‌తో తడిపిన గుడ్డ వేలికి చుట్టి రంగును ఎత్తేయాలి. తెలుపు అసలు వాడొద్దు. కళ్లు సగం మూసి చూస్తే చిన్న వివరాలు పోయి, పెద్ద నీడలు ఒకదానికొకటి అతుక్కుని కనబడతాయి: కంటిగుంట, ముక్కు పక్క, పై పెదవి, గడ్డం కింద, మెడ. ఆ నీడలన్నీ కలిపి ఒకే ముద్దగా వేయగలిగితే కన్నూ పెదవీ గీయకముందే మనిషి ఎవరో తెలిసిపోతుంది. వెలుగు నుంచి నీడ దాకా ఐదు మెట్లు చాలు. వెలుగులో ఉన్న ఏ భాగమూ నీడలో ఉన్న భాగం కన్నా ముదురు కాకూడదు, నీడలోది వెలుగులోదాని కన్నా లేత కాకూడదు. ఈ నియమం ఎక్కువగా చెడేది దవడ కింద. చొక్కా మీద నుంచి ఎగసిన వెలుగు అక్కడ కొంచెం పడుతుంది. అది నచ్చి చాలా లేతగా వేస్తారు, వెంటనే దవడ గాలిబుడగలా ఉబ్బుతుంది. కనుగుడ్డు తెలుపు ఇంకో ఉచ్చు. రెప్ప నీడ పడి అది బూడిదగా ఉంటుంది, దాన్ని తెల్లగా వేస్తే మనిషి ఉలిక్కిపడ్డట్టు కనిపిస్తాడు.

ఒక నెల ఇలాగే వేయించండి. మోడల్ దొరకని రోజు వినాయక విగ్రహాలు పోతపోసేవారి దగ్గర చేయించుకున్న తెల్ల ప్లాస్టర్ తలను కిటికీ పక్కన పెట్టండి. దానికి రంగు లేదు కనుక వెలుగునీడలు తప్ప వేరే ఏదీ కంటిని లాగదు.

రంగులోకి వచ్చాక ట్యూబుల పెట్టెలో 'ఫ్లెష్ టింట్' అని ఉండేదాన్ని తీసి పక్కన పడేయాలి. అది తెల్లవారి చర్మాన్ని తలచుకుని కలిపిన గులాబీ. మన ముఖాలకు అది ఎక్కడా అతకదు. స్వీడన్ చిత్రకారుడు ఆండర్స్ జోర్న్ (1860–1920) పేరుతో చెప్పుకునే పాలెట్‌లో నాలుగే రంగులుంటాయి: తెలుపు, ఎల్లో ఓకర్ (మట్టి పసుపు), వర్మిలియన్ (ఎరుపు), ఐవరీ బ్లాక్ (నలుపు). మన చర్మానికి వీటితో పాటు బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ మట్టిరంగు), బర్న్ట్ అంబర్, అల్ట్రామెరైన్ బ్లూ ఉంటే చాలు. తెలుపు టైటేనియం తీసుకోండి. జింక్ వైట్ ఆరాక పెళుసై కొన్నేళ్లకు బీటలు వారుతుంది.

చామనఛాయకు బర్న్ట్ సియెన్నా రెండు పాళ్లు, ఎల్లో ఓకర్ ఒక పాలు, రంగు వేడి (ఎరుపు, పసుపు వైపు మొగ్గు) తగ్గించడానికి అల్ట్రామెరైన్ చిటికెడు కలిపి మొదలుపెట్టవచ్చు. దాన్ని కత్తి కొసతో తీసి మోడల్ చెంప వైపు పట్టి చూసి సరిచేసుకోవాలి. నీడకు అంబర్, అల్ట్రామెరైన్, కొద్దిగా ఎరుపు కలపాలి. నలుపు ఒక్కటే వేస్తే నీడ చచ్చిపోతుంది. వెలుగు నీడలోకి తిరిగే చోట ఓకర్‌లో నలుపు కలిపిన ఆకుపచ్చ తిరిగిన బూడిద రంగు చాలామంది ముఖాల్లో ఉంటుంది. అది వేయకపోతే చర్మం ఇటుకలా ఎర్రబడుతుంది. నుదురు కొంచెం పసుపు వైపు, ముక్కు, చెంపలు, చెవులు ఎరుపు వైపు, మగవారి దవడ గీసిన గడ్డం వల్ల నీలిబూడిద వైపు తిరుగుతాయి. నల్లటి చర్మం మీద మెరుపు లేత గోధుమ కాదు. అది కిటికీ అవతలి ఆకాశం, కనుక చల్లటి నీలిబూడిదే. పరిమాణం చిన్నది, అంచు పదునైనది. నేర్చుకునేవారు ముఖాన్ని వెలిగించాలని అన్నిటిలోనూ తెలుపు కలుపుతారు, దాంతో చర్మం సున్నం కొట్టినట్టవుతుంది. తెలుపు కలిపే కొద్దీ రంగు లేతబడటమే కాదు, చల్లబడుతుంది కూడా. ఓకర్, ఎరుపు చిటికెడు వేసి మళ్లీ వేడెక్కించాలి.

మన ముఖాల్లో చూడదగ్గ రంగులు ఇంకా ఉన్నాయి. పసుపు రాసుకున్న అవ్వ చెంప మీద నీడ ఆకుపచ్చగా తిరుగుతుంది. ఎర్రంచు చీర దవడ కింద ఎర్రటి మెరుపు వేస్తుంది. తెల్ల రుమాలు చుట్టిన రైతు నుదుటి మీద పడే నీడ పైన గట్టిగా, కిందికి పోయేకొద్దీ మెత్తగా ఉంటుంది. బంగారు గుండ్లకు పసుపు రంగు చాలా తక్కువ పడుతుంది. ఎక్కువ భాగం అంబర్, మధ్యలో ఓకర్, ఒక్క చోట తెలుపు చుక్క. కొబ్బరినూనె రాసిన జుట్టును ముందు ఒక ముద్దగా వేసి, నిగారింపును నీలిబూడిదతో పెట్టాలి. వెంట్రుకలు ఒక్కొక్కటీ గీయొద్దు, నుదుటి దగ్గర అంచును పొడి కుంచెతో చెరిపేయాలి.

ఆయిల్ రంగు నీటిరంగులా ఆవిరై ఆరదు. అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని గట్టిపడుతుంది. అందుకే కింది పొరలో నూనె తక్కువ, పై పొరలో ఎక్కువ ఉండాలి. మొదటి పొరకు టర్పెంటైన్ మాత్రమే. రెండో పొరకు టర్పెంటైన్ రెండు పాళ్లకు అవిసె నూనె ఒక పాలు. ఆఖరి పొరకు సమపాళ్లు, అదీ కుంచె తడిసేంత మాత్రమే. వరుస తిరగబడితే పై పొర ముందు ఆరి, కింది పొర ఆ తర్వాత కదిలి, బొమ్మ పగులుతుంది. బర్న్ట్ అంబర్‌లో మాంగనీసు ఉంటుంది కనుక పలుచగా వేస్తే ఒకటి రెండు రోజుల్లో ఆరుతుంది. టైటేనియం తెలుపుకు, ఐవరీ బ్లాక్‌కు వారం, వానాకాలంలో ఇంకా ఎక్కువ పట్టవచ్చు. నలుపును కింది పొరలో వాడొద్దనేది ఇందుకే. పది రోజుల శిబిరంలో మూడు పొరల పోర్ట్రెయిట్ కుదరదని చెప్పడానికి వేరే వాదన అక్కర్లేదు. త్వరపడి ఎండలో పెడితే మందంగా ఉన్న రంగు పైన తోలు కట్టి ముడతలు పడుతుంది.

హార్డ్‌వేర్ షాపులో దొరికే 'డబుల్ బాయిల్డ్' అవిసె నూనె తలుపులకు, కిటికీలకు. అందులో ఆరబెట్టే మందులుంటాయి, ముఖం పసుపుబారుతుంది. తినే అవిసె నూనె చిత్రాల కోసం శుద్ధి చేసింది కాదు కనుక అదీ పనికిరాదు. కిరోసిన్ అసలే వద్దు.

తల్లిదండ్రులకు తప్పనిసరిగా తెలియాల్సిన సంగతి ఒకటుంది. అవిసె నూనె తుడిచిన గుడ్డలు ముద్దగా మూల పడేస్తే వాటికి వాటంతట అవే నిప్పు అంటుకోవచ్చు. గట్టిపడేటప్పుడు నూనె వేడిని పుట్టిస్తుంది, గుడ్డ మడతల్లో ఆ వేడి బయటకు పోలేదు. మన మే నెల ఎండలో ప్రమాదం ఇంకా ఎక్కువ. గుడ్డలను విడివిడిగా ఆరుబయట పరచి ఎండనివ్వాలి, లేదా నీళ్లు పోసిన మూతడబ్బాలో వేయాలి. టర్పెంటైన్ ఉన్న గదిలో కిటికీ తెరిచే ఉంచాలి, తలుపులు మూసి ఏసీ వేయకూడదు. వాడిన టర్పెంటైన్‌ను సింకులో పోయక సీసాలో ఉంచితే రెండు మూడు రోజుల్లో మడ్డి అడుగుకు దిగుతుంది, పైతేట మళ్లీ పనికొస్తుంది. కుంచెలను పాత పేపరుతో తుడిచి, కొబ్బరినూనెతో రంగు వదిలించి, సబ్బుతో నురగ తెల్లగా వచ్చేదాకా కడగాలి. కొబ్బరినూనె ఎప్పటికీ ఆరదు. అది కుంచెలో మిగిలితే రేపటి రంగు కూడా ఆరదు.

ఈ పద్ధతి మన ప్రాంతానికి కొత్తదేమీ కాదు. కరీంనగర్ జిల్లా అన్నవరంలో పుట్టిన చిత్రకారుడు పి.టి. రెడ్డి (1915–1996) బొంబాయిలోని చిత్రకళా పాఠశాల జె.జె. స్కూల్‌లో చదివారు. ప్లాస్టర్ బొమ్మలు, ఎదురుగా కూర్చున్న మనుషులు ఆ బడిలో పాఠంలో భాగం. రవివర్మ (1848–1906) కూడా తిరువాంకూరు ఆస్థానానికి వచ్చిన యూరప్ చిత్రకారుడు థియోడర్ జెన్సన్ పని చేస్తుంటే చూసి ఆయిల్ మెలకువలు గ్రహించాడు. శిబిరాలవారు ఫోన్ ఫోటోలకు బదులు పిల్లలను ఒక రోజు రైలెక్కించి సాలార్‌జంగ్ మ్యూజియం చూపించినా మేలు. రవివర్మ ఆయిల్ చిత్రాలు, యూరప్ చిత్రాలు అక్కడున్నాయి. చెంప మీద రంగు ఎంత పలుచగా ఉందో, మెరుపు దగ్గర ఎంత మందంగా ఉందో పక్కనుంచి వంగి చూస్తే తెలుస్తుంది, ఏ ప్రింటులోనూ అది కనబడదు. శుక్రవారం సెలవు.

ఆఖరుగా, పోయినవారి చిత్రాలు వేయించుకునే కుటుంబాలకు ఒక మనవి. పాస్‌పోర్టు ఫోటో ఇచ్చి దశదిన కర్మకు ఆయిల్ పోర్ట్రెయిట్ కావాలంటే చిత్రకారుడు తప్పుడు దారులే తొక్కాల్సి వస్తుంది. దానికి ఫోటో ఫ్రేము చాలు. ఆయిల్ చిత్రాన్ని సంవత్సరికానికి అడగండి. స్టూడియో ఫ్లాష్ ఫోటోలో ముఖం చదునుగా ఉంటుంది. పోలిక ఉన్న కొడుకో, మనవరాలో రెండు మూడు సార్లు వచ్చి కిటికీ పక్కన కూర్చుంటే ఆ ఎముకలు ఎలా తిరిగాయో చిత్రకారుడికి దొరుకుతుంది. వేయడానికి మూడు నాలుగు నెలలు, ఆ తర్వాత వార్నిష్ పూయడానికి కనీసం ఆరు నెలల ఆరుదల కావాలి. చీకటి గదిలో పెడితే నూనె పసుపుబారుతుంది, వెలుగున్న గోడకు తగిలించండి. దీపం, అగరుబత్తి పొగ నేరుగా తాకకుండా చూడండి. దుమ్మును మెత్తటి పొడి కుంచెతో దులపండి, తడిగుడ్డ వద్దు. పూలదండ ఫ్రేముకు మాత్రమే ఆనాలి. తడి పూలు కాన్వాస్‌ను తాకితే మరక దిగుతుంది, వానాకాలంలో అక్కడే బూజు పడుతుంది.

ఇట్లు,
చిత్రలేఖన ఉపాధ్యాయులు,
హనుమకొండ